ఇంట్లో వైర్ ఈడీఎం కట్టేముందు: ఏ వైరు, ఏ నీళ్ళు, ఏ పవర్ సప్లై, ఏ కంట్రోలర్

వైర్ ఈడీఎం, అంటే సన్నటి తీగ నుంచి స్పార్కులు పడేలా చేసి లోహాన్ని కోసే మెషిన్, సొంతంగా కట్టుకుందామని కూర్చున్నవాళ్ళు మొదటి నెలంతా పవర్ సప్లై దగ్గరే కొట్టుకుంటారు, ఆర్‌సీనా (రెసిస్టర్, కెపాసిటర్ సర్క్యూట్) మాస్‌ఫెట్టా (ఎలక్ట్రానిక్ స్విచ్), ఎన్ని వోల్టులు, ఎన్ని ఆంప్స్ అని. నేనూ అదే చేశా. తీరా కట్టాక తెలిసిందేంటంటే స్పార్క్ తెప్పించడం అన్నిటికంటే తేలిక, ఒక కెపాసిటరూ రెండు ఇనుప ముక్కలూ ఉంటే స్పార్క్ వచ్చేస్తుంది. ఆ స్పార్కుని గంటల తరబడి ఒకే సందులో, వైరు తెగకుండా, షార్ట్ అవకుండా నిలబెట్టడం దగ్గరే తల ప్రాణం తోకకొస్తుంది. అందుకే ఇక్కడ పవర్ సప్లై గురించి ఉండాల్సినంతే ఉంటుంది, వైరు నడిచే దారి గురించీ సర్వో (సందుని చూసుకుంటూ ముందుకీ వెనక్కీ నడిపే ఏర్పాటు) గురించీ కాస్త ఎక్కువే వాగుతా, ఓపిక పట్టండి.

అసలు పనిచేసే పద్ధతి గుర్తుంటే ఎంపికలన్నీ వాటంతటవే సర్దుకుంటాయి కాబట్టి ముందు అది. వైరు లోహాన్ని తాకదు. రెంటి మధ్యా పది నుంచి యాభై మైక్రాన్ల సందు, ఆ సందులో కరెంటుని ఆపే ద్రవం. వోల్టేజ్ పెరిగి పెరిగి ఒక్క చోట ఆ ద్రవం చీలిపోతుంది, స్పార్క్ పడుతుంది, లోహం అక్కడ చిటికెడంత కరిగి చిన్న గుంట పడుతుంది, కరిగింది నీళ్ళల్లో కొట్టుకుపోతుంది. ఇలా సెకనుకి వేల సార్లు. కరెంటు పారితే చాలు, గట్టిపరిచిన స్టీలైనా టంగ్‌స్టన్ కార్బైడైనా దీనికి ఒకటే లెక్క. 1943లో సోవియట్ శాస్త్రవేత్తలు లాజరెంకో దంపతులు స్విచ్ కాంటాక్టులు స్పార్కులకి తినేయకుండా ఆపడం ఎలా అని చూస్తూ చూస్తూ, ఆ తినేయడాన్నే పనిముట్టుగా మార్చేశారు. మనం ఆర్‌సీ అని పిలుచుకునే సర్క్యూట్ వాళ్ళదే, ఎనభై ఏళ్ళు దాటినా ఇంట్లో కట్టే మెషిన్లలో ఇంకా అదే నడుస్తోంది.

అసలు మీకు వైరే కావాలా

ఇది అడక్కుండా మొదలుపెట్టి మధ్యలో వదిలేసినవాళ్ళే ఎక్కువ. మీ పని బెజ్జంలో విరిగిపోయిన ట్యాప్‌ని (మర కోసే పనిముట్టు) బయటికి తియ్యడం, గట్టి స్టీల్లో ఒక చతురస్రం బెజ్జం పెట్టడం, అచ్చు గుద్దినట్టు ఒక గుంట చెయ్యడం, ఇంతే అయితే వైర్ వద్దు, సింకర్ ఈడీఎం కట్టండి. అందులో కదిలేది ఒక్క అక్షమే, ఎలక్ట్రోడ్ కిందకి దిగుతుంది, షార్ట్ అయితే పైకి లేస్తుంది, అంతే. వైరు నడిపించే గోల లేదు, దారిలో వెనక్కి రావడం అనే సమస్య లేదు. ఇనుప రేకులో ఏదో ఆకారం కోసుకోవాలంటే ప్లాస్మా లేదా లేజర్ దగ్గర కోయించుకోండి, నిమిషంలో అయ్యే పనికి వైర్ ఈడీఎం రోజు పట్టిస్తుంది. అల్యూమినియం దిమ్మె మీద పనికైతే చిన్న మిల్లింగ్ మెషినే నయం.

వైరు కావాల్సింది ఎక్కడంటే మందంగా ఉన్న గట్టి లోహంలో సన్నటి చీలిక, పంచ్ డై, చిన్న గేర్లు, లోపలి మూలలు దాదాపు పదునుగా రావాల్సిన చోట్లు, పట్టుకుంటే వంగిపోయేంత పల్చటి పార్టులు. కోత వెడల్పు వైరు మందానికి రెండు వైపులా సందు కలిపితే వచ్చేది, అంటే 0.25 మి.మీ వైరుకి 0.03 సందు చొప్పున వేసుకుంటే 0.31 మి.మీ. ఏ బ్లేడూ మందమైన స్టీల్లో ఇంత సన్నగా కొయ్యదు.

ఇక స్పీడు. దీన్ని నిమిషానికి ఎన్ని చదరపు మిల్లీమీటర్లు అని లెక్కేస్తారు, ప్లేటు మందాన్ని ముందుకెళ్ళే వేగంతో గుణిస్తే వచ్చేది. 10 మి.మీ ప్లేటులో నిమిషానికి అర మిల్లీమీటరు వెళ్తే 5 చదరపు మిల్లీమీటర్లు. ఫ్యాక్టరీ మెషిన్లు వందల్లో ఉంటాయి, ఇంట్లో కట్టింది ఒక అంకె లోనో, బాగా కుదిరితే రెండంకెల మొదట్లోనో ఉంటుంది. అదే అర మిల్లీమీటరు లెక్కన ఆ ప్లేటులో 60 మి.మీ చుట్టుకొలత కొయ్యాలంటే రెండు గంటలు. ఇది సరే అనుకుంటేనే ముందుకెళ్ళండి, ఈ లెక్క చూసి మొహం చిట్లించుకుంటే సింకర్ దగ్గరే ఆగిపోవడం తప్పేం కాదు.

నన్నడిగితే వైర్ కట్టాలనుకునేవాళ్ళు కూడా ముందు ఒక చిన్న సింకర్ కట్టాలి. ఆ పవర్ సప్లై, గ్యాప్ (అంటే ఆ సందు) వోల్టేజ్ కొలిచే బోర్డు తర్వాత వైర్ మెషిన్‌కి పనికొస్తాయి, ప్లేటు మధ్యలో కోత మొదలెట్టాలంటే వైరు దూర్చడానికి ఒక బెజ్జం కావాలి కదా, గట్టి ప్లేట్లో ఆ బెజ్జం పెట్టేదీ అదే.

వైరు: ఇత్తడా, మాలిబ్డినమా

మిగతా ఎంపికలన్నీ దీని వెనకాలే వస్తాయి, అందుకే దీన్ని ముందు తేల్చుకోవాలి.

ఇత్తడి వైరు, మామూలుగా 0.25 మి.మీ, ఒక స్పూల్ నుంచి వచ్చి కోసే చోటు దాటి చెత్తలోకి వెళ్ళిపోతుంది. స్పార్క్ వైరుని కూడా కొంచెం తింటుంది కాబట్టి ఒక్కసారే వాడతారు. వేస్ట్ కదా అనిపిస్తుంది గానీ లెక్కేసి చూస్తే అంత భయపడక్కర్లేదు. 5 కిలోల స్పూల్లో 0.25 వైరు దాదాపు 12 కిలోమీటర్లు ఉంటుంది. ఇంటి మెషిన్లో పవర్ తక్కువ కాబట్టి నిమిషానికి 2 మీటర్లు నడిపినా సరిపోతుంది, అంటే ఒక స్పూల్ వంద గంటల కోత. ఫ్యాక్టరీ లాగా నిమిషానికి 8 మీటర్లు నడిపితే పాతిక గంటలకే అయిపోతుంది. అక్కడ పవర్ ఎక్కువ, ఆ స్పీడులో నడపకపోతే వైరు తెగుతుంది. మనకి ఆ బాధ లేదు.

మాలిబ్డినం వైరు, ఎక్కువగా 0.18 మి.మీ, వేరే కథ. ఒక డ్రమ్ము మీద రెండు మూడొందల మీటర్లు చుట్టి, డ్రమ్ము ఒకసారి ఇటు ఒకసారి అటు తిరుగుతుంటే అదే వైరు సెకనుకి పది మీటర్ల దరిదాపు వేగంతో వెళ్ళి వస్తూ ఉంటుంది. 250 మీటర్లుంటే పాతిక సెకన్లకోసారి దిశ మారుతుందన్నమాట. చైనాలో తయారయ్యే ఫాస్ట్ వైర్ మెషిన్ల పద్ధతి ఇదే. మాలిబ్డినం 2,600 డిగ్రీల పైన గానీ కరగదు, ఇత్తడి 900 దాటాక కరగడం మొదలెడుతుంది, పైగా మాలిబ్డినం లాగితే తెగడం కూడా కష్టం, అందుకే అదే వైరు రోజుల తరబడి వస్తుంది. వైరు అంత స్పీడుగా పోతుంటే సందులోకి ద్రవాన్ని అదే లాక్కెళ్తుంది, మసి అదే బయటికి తెస్తుంది, మందమైన దిమ్మెల్లో ఇది చాలా పెద్ద సుఖం.

కాగితం మీద చూస్తే మాలిబ్డినమే గెలుస్తుంది, చాలామంది అక్కడే పడిపోతారు. కానీ ఆ డ్రమ్మో? అంత పెద్ద డ్రమ్ము కంపనం లేకుండా తిరగాలి, తిరుగుతూనే ఒక్కో చుట్టుకి కొంచెం కొంచెం పక్కకి జరగాలి, లేకపోతే చుట్ల మీద చుట్లు పడి వైరు ముడిపడుతుంది, చివరికొచ్చాక స్విచ్ తగిలి దిశ మారాలి, మారే ఆ అర సెకనులో స్పార్క్ ఆపాలి, టెన్షన్ రెండు దిశల్లోనూ ఒకేలా ఉండాలి. కోసిన ముఖం మీద దిశ మారిన ప్రతిచోటా చారలు కూడా పడతాయి. వైరు తెగితే రెండొందల మీటర్లు గదంతా చిందరవందర, అది విప్పుకోవడం ఒక సాయంత్రం పని. లేత్ ఉండి, డ్రమ్ము తిప్పి బ్యాలెన్స్ చేసుకోగలిగినవాళ్ళకి, 50 మి.మీ పైన మందాలు కొయ్యాలనుకునేవాళ్ళకి మాలిబ్డినం. మిగతావాళ్ళకి ఇత్తడి. నేను ఇత్తడే, ఇంకో మెషిన్ కట్టినా ఇత్తడే.

మోటారు వైండింగ్ రాగి తీగ వాడొచ్చా అని ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. స్పార్క్ పడుతుంది, కోస్తుంది కూడా, కానీ రాగి మెత్తన, కాస్త వేడెక్కగానే సాగుతుంది, బిగువు నిలవదు. పైగా ఎనామెల్ పూత గీకాలి. ఊరికే ఒకసారి పరీక్షకి అయితే సరే.

వైరు దారి, అంటే అసలు మెషిన్

ఇత్తడి వైరుకి కావాల్సినవి నాలుగు: స్పూల్ దగ్గర బ్రేకు, పైనా కిందా గైడ్లు, కరెంటు ఇచ్చే కాంటాక్టులు, లాగే రోలర్లు. ఈ నాలుగింట్లో ఏది కక్కుర్తి పడినా వైరు తెగుతుంది, మీరేమో పవర్ సప్లైని తిట్టుకుంటూ ఉంటారు. నా మొదటి మెషిన్లో ప్రతి రెండు మూడు నిమిషాలకీ వైరు తెగేది. కెపాసిటర్ మార్చా, వోల్టేజ్ తగ్గించా, రెసిస్టర్లు మార్చా, ఏం లాభం లేదు. రెండు వారాల తర్వాత పవర్ ఆపేసి ఊరికే వైరు నడిపి చూస్తే అప్పుడు కూడా తెగింది! స్పూల్ ఒక పక్కకి ఒరిగి ఉంది, చుట్టు చుట్టుకీ ఒకచోట పట్టేస్తోంది, అక్కడ టెన్షన్ ఒక్కసారిగా పెరిగి ఫట్. బేరింగ్ వేసి స్పూల్ సరిచేశాక అదే పవర్ సప్లైతో గంటసేపు నడిచింది.

టెన్షన్‌కి మూడు దారులు. ఫెల్ట్ ముక్క నొక్కి పెట్టడం తేలికే గానీ తడిస్తే ఒకలా, ఎండితే ఒకలా పట్టుకుంటుంది. కప్పీకి బరువు వేలాడదీసి దాని కింద నుంచి వైరు పోనివ్వడం నాకు బాగా నచ్చిన పద్ధతి, బరువు బరువే, కరెంటు పోయినా మారదు. మాగ్నెటిక్ పౌడర్ బ్రేక్ దొరికితే ఇంకా మంచిది, వోల్టేజ్ తిప్పి బిగువు సెట్ చేసుకోవచ్చు. 0.25 ఇత్తడి వైరు చల్లగా ఉన్నప్పుడు నాలుగు కిలోల బరువుకి అటూఇటూ తెగుతుంది, స్పార్కులు గీరిన చోట ఇంకా ముందే తెగుతుంది, కాబట్టి కిలో దగ్గర పెట్టండి. మరీ తగ్గిస్తే వైరు మధ్యలో వంగి, మూలలు గుండ్రమై, మందమైన ప్లేట్లో కోత పొట్ట ఉబ్బినట్టు వస్తుంది.

గైడ్లకి గాడి ఉన్న బేరింగు చాలంటారు, బేరింగ్ ఎంత మంచిదైనా దాని ఊగిసలాట నేరుగా కోత మీద పడుతుంది. వైరు దూరేంత సన్న బెజ్జం ఉన్న సఫైర్ లేదా రూబీ గైడు, లేదంటే కదలకుండా బిగించిన సిరామిక్ కడ్డీల మధ్య వీ ఆకారపు గాడి, వీటిల్లో ఏదో ఒకటి. పైన గైడుకీ కింద గైడుకీ దూరం ఎంత తగ్గితే అంత మంచిది, ప్లేటుకి అంటీ అంటనట్టు ఉండాలి. కాంటాక్టుకి కార్బైడ్ ముక్క వాడండి, పాత లేత్ ఇన్సర్ట్ అయినా చాలు, ఇత్తడి ముక్క పెడితే వారంలో గాడి పడిపోతుంది. కరెంటు పైనా కిందా రెండు చోట్లా ఇస్తే వైరు మీద వేడి సగం పంచుకుంటుంది. లాగే చోట రబ్బరు రోలర్లు రెండు, స్టెప్పర్‌తో నిదానంగా తిప్పితే సరి.

నీళ్ళా, నూనా

సింకర్‌కైతే కిరోసిన్ లేదా ఈడీఎం ఆయిల్ అలవాటు. వైర్‌కి డీఅయనైజ్డ్ నీళ్ళు, అంటే ఉప్పులు తీసేసినవి. నూనెలో సందు ఇంకా చిన్నగా ఉంటుంది, తుప్పు బాధ లేదు, కానీ స్పీడు పడిపోతుంది, పొగ, వాసన, అన్నిటికంటే ముఖ్యంగా నిప్పు. కిరోసిన్ ఆవిరి 40 డిగ్రీల దరిదాపుల్లోనే అంటుకునే స్థితికొస్తుంది, మీరేమో అందులో స్పార్కులు పెడుతున్నారు. స్పార్క్ పడే చోటు నూనెలో పూర్తిగా మునిగి ఉన్నంతసేపే అది సురక్షితం, మట్టం తగ్గి స్పార్క్ పైకి తేలిందా, అంతే సంగతులు. వైర్ మెషిన్లో వైరు నూనె పట్టుకుని గాల్లోకి వస్తూనే ఉంటుంది. ఇంట్లో, మనిషి పక్కన లేకుండా గంటలు నడిచే మెషిన్‌కి నూనె వద్దని నా గట్టి మాట.

కుళాయి నీళ్ళు ఎందుకు పనికిరావంటే వాటిల్లో ఉప్పులుంటాయి, కరెంటు స్పార్క్ అవకుండానే నీళ్ళలోంచి కారిపోతుంది, వోల్టేజ్ పైకి లేవదు, పైగా ఎలక్ట్రాలిసిస్ జరిగి పార్టు తుప్పు పడుతుంది, హైడ్రోజన్ బుడగలొస్తాయి. కరెంటు ఎంత తేలిగ్గా పారుతుందో మైక్రోసీమెన్స్‌లో కొలుస్తారు, కుళాయి నీళ్ళు సెంటీమీటరుకి వందల మైక్రోసీమెన్స్‌లో ఉంటాయి, మనకి కావాల్సింది 5 నుంచి 20 మధ్య. చేతిలో పట్టుకునే టీడీఎస్ మీటర్ దీనికి సరిపోతుంది, అది చూపించే పీపీఎం అంకె మైక్రోసీమెన్స్‌లో సగం అని గుర్తుపెట్టుకోండి, అంటే మీటర్ 10 దాటితే నీళ్ళు మురికైనట్టు. డిస్టిల్డ్ వాటర్‌తో మొదలెట్టొచ్చు, కానీ కోస్తున్న కొద్దీ లోహం కరిగి అంకె ఎక్కుతూ పోతుంది, అందుకని పంపు, ఫిల్టర్, దాని తర్వాత మిక్స్‌డ్ బెడ్ రెజిన్ కార్ట్రిడ్జ్ (నీళ్ళలో కరిగిన ఉప్పుల్ని పట్టుకునేది), ఈ వరసలో తిప్పుతూ ఉండాలి. ఫిల్టర్ ముందు ఉండాలి సుమా, లేకపోతే రెజిన్ మసితో పూడిపోతుంది. మాలిబ్డినం వాడేవాళ్ళది ఇంకో దారి, నీళ్ళలో కలిపే కూలెంట్, డీఅయనైజ్ చేసే గోల లేదు, అది మాత్రం వాళ్ళ అదృష్టమే.

పార్టు మొత్తం ముంచాలా, వైరు వెంట నీటి ధార కొట్టాలా అంటే, ధార ముందు. పై గైడు చుట్టూ, కింది గైడు చుట్టూ వైరుని కౌగిలించుకున్నట్టు నీళ్ళు రావాలి. నిలవ నీళ్ళలో ముంచితే మసి సందులోంచి బయటికి రాదు, మసి ఉన్నచోటే మళ్ళీ మళ్ళీ స్పార్క్ పడి వైరు తెగుతుంది. వీలైతే రెండూ.

పవర్ సప్లై

ఇక అందరూ ఎదురుచూసేది. మూడు రకాలు.

మామూలు ఆర్‌సీ: డీసీ సప్లై, రెసిస్టర్, కెపాసిటర్, అంతే. కెపాసిటర్ నిండుతుంది, వోల్టేజ్ సరిపోయినప్పుడు సందులో ఒక్కసారిగా ఖాళీ అవుతుంది. 80 వోల్టులకి 1 మైక్రోఫారడ్ పెడితే ఒక్కో స్పార్కులో 3.2 మిల్లీజౌల్స్, 10 మైక్రోఫారడ్ పెడితే 32. వైర్‌కి 1 దగ్గర మొదలెట్టండి, ఎక్కువ పెడితే స్పీడు పెరుగుతుంది, గరుకు పెరుగుతుంది, వైరు తెగడమూ పెరుగుతుంది. రెసిస్టర్ 50 ఓమ్స్ అనుకుంటే షార్ట్ అయినప్పుడు 1.6 ఆంప్స్, అంటే రెసిస్టర్ మీద 128 వాట్లు, అది చిన్న హీటరే. మరీ తగ్గిస్తే స్పార్క్ ఆరిపోకుండా ఆర్క్‌లా అంటుకుపోతుంది, అప్పుడు వైరు క్షణాల్లో తెగుతుంది. పాత తరం వాళ్ళు రెసిస్టర్ బదులు ఫిలమెంట్ బల్బులు పెట్టేవాళ్ళు, షార్ట్ అయితే వెలుగుతుంది, కోత సరిగా ఉంటే మినుకు మినుకుమంటుంది, మీటర్ లేకుండానే మెషిన్ మూడ్ తెలుస్తుంది, నాకు ఇప్పటికీ ఆ ఐడియా అంటే ముచ్చట. ఆర్‌సీ మైనస్ ఏంటంటే స్లో, ఎనర్జీలో సగానికి పైగా వేడి కింద పోతుంది, స్పార్క్ ఎప్పుడు పడాలో మన చేతిలో ఉండదు.

మాస్‌ఫెట్ పల్స్: స్విచ్‌ని మనమే వేసి తీస్తాం, కొన్ని మైక్రోసెకన్లు ఆన్, దానికి అయిదారు రెట్లు ఆఫ్. షార్ట్ కనిపెట్టి పల్సులు ఆపొచ్చు, ఆర్క్ అవకముందే తుంచొచ్చు. స్పీడు, ఫినిష్ రెండూ ట్యూన్ చేసుకోవచ్చు. కానీ మాస్‌ఫెట్లు పేలడం మొదలెడితే చుక్కలు కనిపిస్తాయి, కేబుల్ ఇండక్టెన్స్ వల్ల వచ్చే వోల్టేజ్ స్పైకులు వాటిని చంపుతాయి, స్నబ్బర్ (ఆ స్పైకుల్ని మింగే సర్క్యూట్), సరైన గేట్ డ్రైవర్ (మాస్‌ఫెట్‌ని వేసి తీసే చిప్), ఆసిలోస్కోప్ లేకుండా దీని జోలికి వెళ్ళకండి.

మూడోది రెండింటి సంతానం: కెపాసిటర్‌ని మాస్‌ఫెట్ ద్వారా ఛార్జ్ చెయ్యడం, స్పార్క్ పడే టైములో ఛార్జింగ్ దారి మూసేయడం. ఆర్క్ అంటుకోదు, రెసిస్టర్ చిన్నది పెట్టొచ్చు కాబట్టి స్పీడు వస్తుంది, మాస్‌ఫెట్ మీద బరువు కూడా తక్కువే. ఎలక్ట్రానిక్స్ కాస్త తెలిసినవాళ్ళకి నా ఓటు దీనికే. అసలేమీ కట్టడం ఇష్టం లేకపోతే పవర్‌కోర్ లాంటి రెడీమేడ్ బోర్డులున్నాయి, 3డి ప్రింటర్‌కి తగిలించుకునేలా చేసినవి, చిన్న పనులకి మొదలెట్టడానికి అదీ ఒక దారే.

ఏది ఎంచుకున్నా కొన్ని మారవు. వైరు మైనస్, పార్టు ప్లస్, ఈ చిన్న పల్సుల్లో ప్లస్ వైపే ఎక్కువ తింటుంది కాబట్టి. తిరగేస్తే పార్టు బదులు వైరు అరుగుతుంది. కెపాసిటర్లు ఫిల్మ్ రకం, పల్సు తట్టుకునే పాలీప్రొపిలీన్ అయితే మంచిది, ఎలక్ట్రోలిటిక్ ఈ పనికి పెడితే వేడెక్కి ఉబ్బుతుంది. కెపాసిటర్ నుంచి వైరుకి వెళ్ళే కేబుళ్ళు పొట్టిగా, రెండూ మెలివేసి ఉండాలి, ఒక మీటరు పొడుగు వదులుగా వేలాడితే మీ పీక్ కరెంట్ అక్కడే చచ్చిపోతుంది.

కదలిక, సర్వో

కోసేటప్పుడు వైరు మీద బలం దాదాపు ఉండదు, అందుకని ఫ్రేము భారీగా ఉండక్కర్లేదు, పాత 3డి ప్రింటర్ అయినా చాలంటారు. సగం నిజం. బలం కాదు సమస్య, స్టెప్పు. ఇరవై పళ్ళ పుల్లీ, 2 మి.మీ పిచ్ బెల్టు ఉంటే ఒక చుట్టుకి 40 మి.మీ, 200 స్టెప్పుల మోటారుకి పదహారో వంతు మైక్రోస్టెప్ వేసినా ఒక్కోటి 12.5 మైక్రాన్లు. సందే 20 మైక్రాన్లయితే ఒక్క మైక్రోస్టెప్‌కి సగం సందు మింగేస్తుంది, సర్వో ముందుకూ వెనక్కూ గెంతుతూ ఉంటుంది. అదే మోటారుకి 4 మి.మీ లీడ్ బాల్‌స్క్రూ (ఒక చుట్టుకి టేబుల్ని 4 మి.మీ జరిపే మర కడ్డీ) పెడితే 1.25 మైక్రాన్లు. బాల్‌స్క్రూ, లీనియర్ గైడు ఉన్న చిన్న టేబులు, 100 మి.మీ అటూ ఇటూ తిరిగితే చాలు, పెద్ద ప్రింటర్ కంటే పదిరెట్లు నయం. బ్యాక్‌లాష్ (దిక్కు మారినప్పుడు వచ్చే వదులు) మాత్రం లేకుండా చూసుకోండి, ఎందుకంటే ఈ మెషిన్ మాటిమాటికీ వెనక్కి వస్తుంది.

వెనక్కి రావడం అన్నా కదా, కంట్రోలర్ ఎంపిక అంతా అక్కడే ఉంది. గ్యాప్ సగటు వోల్టేజ్ కొలుస్తాం, ఖాళీగా ఉంటే 80, షార్ట్ అయితే సున్నా, బాగా కోస్తున్నప్పుడు మధ్యలో ఎక్కడో. ఎక్కువుంటే ముందుకి, తక్కువుంటే వెనక్కి. సింకర్లో వెనక్కి అంటే పైకి, ఒకటే దిక్కు. వైర్లో వెనక్కి అంటే వచ్చిన దారిలోనే, వంపు తిరిగి ఉంటే ఆ వంపులోనే వెనక్కి నడవాలి. జీఆర్‌బీఎల్ (చిన్న బోర్డు మీద నడిచే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్) చవక, చిన్నది, అందరికీ తెలుసు, కానీ దానికి దారిలో వెనక్కి నడవడం రాదు, ఆగడం ఒక్కటే వచ్చు. ఆగితే నీటి ధారకి షార్ట్ దానంతటదే వీడిపోతే సరి, లేకపోతే అక్కడే కూర్చుంటుంది. చాలా నిదానంగా, స్పార్క్ తినే వేగం కంటే తక్కువ ఫీడ్ పెట్టి సర్వో లేకుండా కోసేవాళ్ళూ ఉన్నారు, పల్చటి ప్లేట్లకి పని అవుతుంది, టైమ్ రెట్టింపు.

లైనక్స్‌సీఎన్‌సీ (కంప్యూటర్ మీద నడిచే కంట్రోలర్ సాఫ్ట్‌వేర్) అయితే అడాప్టివ్ ఫీడ్ అని ఒక పిన్ ఉంది, గ్యాప్ సిగ్నల్ అందులోకి ఇస్తే ఫీడ్ దానికి తగ్గట్టు మారుతుంది, కొత్త వెర్షన్లలో దానికి మైనస్ విలువ ఇస్తే వచ్చిన దారిలోనే వెనక్కి నడుస్తుంది కూడా. మనకి కావాల్సింది సరిగ్గా ఇదే. నేర్చుకోవడానికి నాలుగు వారాంతాలు పోతాయి, ఒక పాత కంప్యూటర్ కావాలి, అయినా సరే వైర్‌కి ఇదొక్కటే నేను ధైర్యంగా చెప్పేది. డబ్బు ఎక్కడైనా తగ్గించుకోవాలంటే పవర్ సప్లైలో తగ్గించుకోండి, మామూలు ఆర్‌సీ మీద మంచి సర్వో ఉన్న మెషిన్, గొప్ప పల్స్ జనరేటర్ మీద ఆగుడు సర్వో ఉన్న మెషిన్‌ని ఈజీగా దాటేస్తుంది.

ఇంకోటి, ఈ స్పార్కులు రేడియో ట్రాన్స్‌మిటర్ లాగా గోల చేస్తాయి. లిమిట్ స్విచ్‌లు ఉత్తిపుణ్యానికి తగిలినట్టు చూపిస్తాయి, యూఎస్‌బీ కనెక్షన్ తెగిపోతుంది, స్టెప్పర్లు స్టెప్పులు తప్పుతాయి. గ్యాప్ సిగ్నల్‌కి ఆప్టో ఐసొలేషన్ (తీగ కలపకుండా వెలుతురుతో సిగ్నల్ దాటించడం), స్విచ్‌లకి షీల్డ్ కేబులు, పవర్ సప్లైకి ఇనుప డబ్బా, ఇవి తర్వాత చూద్దాంలే అనుకోకండి.

ప్రాణం మీదకి రాకుండా

80 వోల్టుల డీసీ, తడి చేతులు, తడి టేబులు. ఇది చిన్న విషయం కాదు. సప్లై ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ ద్వారానే రావాలి, మెయిన్స్ నుంచి నేరుగా రెక్టిఫై చేసి వాడే సర్క్యూట్లు కనిపిస్తే దణ్ణం పెట్టి దూరం జరగండి. కెపాసిటర్ల మీద బ్లీడర్ రెసిస్టర్ (ఆపేశాక మిగిలిన ఛార్జ్‌ని ఖాళీ చేసేది), చేతికందేలా ఎమర్జెన్సీ స్విచ్, వైరు తెగినా నీళ్ళు ఆగినా పవర్ కట్ అయ్యేలా రిలే, ఫ్రేముకి ఎర్త్. నూనె వాడితే మట్టం తగ్గగానే ఆపేసే ఫ్లోట్ స్విచ్ తప్పనిసరి. కిటికీ తెరిచి ఉంచండి, నీళ్ళల్లో కూడా హైడ్రోజన్ కొంచెం పుడుతుంది, అల్యూమినియం కోస్తే ఆ సన్న పొడి నీళ్ళతో కలిసి ఇంకా పుట్టిస్తుంది, ఆ బురదని మూత బిగించిన డబ్బాలో దాచకండి. టైటానియం, మెగ్నీషియం పొడి ఎండితే అంటుకుంటుంది, అవి మొదట్లో వద్దే వద్దు. బురదని కాలవలో పొయ్యకూడదు, లోహాలుంటాయి.

మరి ఎవరికి ఏది

ఎలక్ట్రానిక్స్ కొత్త, చేతిలో 3డి ప్రింటర్ ఉంది, ఊరికే చూద్దామనుకుంటే: సింకర్, ఆర్‌సీ, లేదా రెడీమేడ్ బోర్డు. వారంలో ఒక బెజ్జం పడుతుంది.

పార్టులు నిజంగా కొయ్యాలి, 20 మి.మీ లోపు మందం: ఇత్తడి 0.25, బరువు వేలాడే టెన్షన్, డీఅయనైజ్డ్ నీళ్ళు, ఆర్‌సీతో మొదలెట్టి మాస్‌ఫెట్ ఛార్జింగ్‌కి మారడం, బాల్‌స్క్రూ టేబులు, లైనక్స్‌సీఎన్‌సీ.

లేత్, మిల్లు రెండూ ఉన్నాయి, మందమైన డైలు కొయ్యాలి: మాలిబ్డినం డ్రమ్ము, నీళ్ళలో కలిపే కూలెంట్, పల్స్ సప్లై. ఇది ఆరు నెలల ప్రాజెక్ట్, పెళ్ళి లాంటిది, ఇంట్లో వాళ్ళకి ముందే చెప్పుకోండి.

మొదటి కోతకి 3 మి.మీ మెత్తటి స్టీల్ ముక్క తీసుకోండి. అంచు మీద తుప్పూ స్కేలూ బాగా గీకి మెరిసేదాకా రుద్దండి, స్కేలు కరెంటుని ఆపితే వైరు ఊరికే వెళ్ళి గుద్దుకుంటుంది. పవర్ వెయ్యకుండా గంటసేపు వైరు మాత్రం నడపండి. అది తెగకుండా నడిచాకే 1 మైక్రోఫారడ్, 60 వోల్టులతో ఒక పది మిల్లీమీటర్ల గీత.